‘యొ ప్యేన్సొ కె’ దగ్గరే ఆగిపోతున్నవాళ్లకు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మడికొండ ఐటీ పార్కులో పనిచేస్తున్నారు. మెక్సికో టీమ్‌తో తరచూ కాల్స్ ఉంటాయి. దాంతోపాటు డెలె బి1 (మధ్యస్థాయి స్పానిష్ ప్రావీణ్య) పరీక్ష కూడా రాయాలనుకుంటున్నారు. ఎవరు ఏం అడిగినా మీ నోట్లోంచి ‘యొ ప్యేన్సొ కె’ (నేను అనుకుంటున్నా) తప్ప ఇంకో మాట రావట్లేదు. అందుకని స్పానిష్‌లో అభిప్రాయం చెప్పే మాటలన్నీ ఒక పట్టికగా ఇవ్వమంటున్నారు.

పట్టిక ఇవ్వను. అలాంటివి నెట్‌లో కుప్పలు తెప్పలు. ‘ఎన్ మి ఒపిన్యోన్’, ‘దెస్దె మి పూంతొ దె బీస్త’, ‘పార మీ’, ‘అ మి ఎంతెందేర్’... ఇవన్నీ చేసే పని ఒక్కటే, ‘నా ఉద్దేశంలో’ అని చెప్పడం. వీటిలో రెండు వస్తే చాలు. కాల్‌లో మీ నోరు ఆగిపోతున్నది ఇరవయ్యో మాట తెలియక కాదు. ఆ మాట తర్వాత వచ్చే క్రియ దగ్గర ఆగుతోంది. హన్మకొండలో ఉంటూ ఆన్‌లైన్‌లో స్పానిష్ పాఠాలు చెప్తుంటాను కాబట్టి మన తెలుగువాళ్లు ఎక్కడ తడబడతారో రోజూ వింటూనే ఉంటాను. ఆ సంగతే రాస్తాను, కాస్త పొడుగవుతుంది.

ముందు ఒక చిన్న సూచన. ఇక్కడ స్పానిష్ మాటల్ని తెలుగు లిపిలో రాసేటప్పుడు దీర్ఘం పెట్టిన చోట ఊనిక ఉన్నట్టు. మిగతావి పొట్టిగా పలకండి. మెక్సికో ఉచ్చారణే రాశాను. స్పెయిన్‌లో చాలాచోట్ల ‘పరేసె’లోని స శబ్దం నాలుక పళ్ల మధ్య పెట్టి పలికే థ లాగా ఉంటుంది. ఇంకా, స్పానిష్‌లో వి అనే అక్షరం ఉన్నా పలికేది బ. ‘బీస్త’ అని నేను రాసింది అందుకే, అచ్చుతప్పు కాదు.

ఇక విషయం. తెలుగులో మనం ముందు సంగతంతా చెప్పి, అభిప్రాయాన్ని చివర్లో తగిలిస్తాం. ‘వరంగల్‌కు ఎయిర్‌పోర్టు అవసరం’ దాకా వచ్చి, ఎదుటి మనిషి ముఖం చూసి ‘అనుకుంటా’ అనొచ్చు, ‘అంటున్నరు గానీ నాకైతే నమ్మకం లేదు’ అని తిప్పేయనూ వచ్చు. స్పానిష్‌లో ఆ వెసులుబాటు తక్కువ. నోరు తెరవగానే మీకు నమ్మకమా, అనుమానమా అన్నది తేల్చాలి. ‘కె’ (మన ‘అని’ లాంటిది) తర్వాత వచ్చే క్రియ ఏ రూపంలో ఉండాలో దాన్నిబట్టే ఉంటుంది. సంగతి చెప్పాక అభిప్రాయం ఆలోచిద్దాం అనుకునే తెలుగు అలవాటుకు ఇక్కడే బ్రేక్ పడుతుంది. అందుకే భద్రంగా ఉంటుందని అందరూ ‘యొ ప్యేన్సొ కె’ పట్టుకుని వేలాడతారు.

నన్నడిగితే ఆ ‘ప్యేన్సొ’ను కొన్నాళ్లు పక్కన పెట్టి ‘మె పరేసె కె’తో మొదలుపెట్టండి. ‘నాకు అనిపిస్తోంది’ అనడంలో ‘నేను’ కర్త కాదు గదా, ఎవరికి అనిపిస్తోందో వాళ్లకు ‘కు’ చేరుతుంది. స్పానిష్‌లోనూ అచ్చం అదే కట్టు. ‘మె’ అంటే నాకు, ‘తె’ అంటే నీకు, ‘లె’ అంటే ఆయనకు, ఆమెకు, మీకు. ‘మె గూస్త’ కూడా ఇంతే, నాకు నచ్చుతుంది. ఇంగ్లీషు మీదుగా స్పానిష్ నేర్చుకునేవాళ్లు ఈ కట్టు దగ్గర కిందామీదా పడతారు, మనకు ఇది పుట్టుకతో వచ్చింది. పుస్తకం ఇంగ్లీషుది అయినంత మాత్రాన ఆ దారిన పోవాల్సిన పని లేదు. ‘నాకైతే’ అని నొక్కి చెప్పాలంటే ముందు ‘అ మీ’ చేర్చండి: ‘అ మీ మె పరేసె కె...’ మెక్సికోవాళ్లు దీనికే ‘సె మె ఆసె కె’ అని కూడా వాడుతుంటారు. మీ టీమ్ నోట ఇప్పటికే విని ఉంటారు, అదేదో కొత్త వ్యాకరణం అని కంగారు పడకండి.

ఇందులో ఒక్క చిక్కుంది. ‘కె’ లేకుండా నేరుగా ఒక వస్తువు గురించి చెప్తే, ఆ వస్తువు ఏకవచనమా బహువచనమా అని చూడాలి. బండి ఖరీదనిపిస్తే ‘మె పరేసె కారొ’. టికెట్లు ఖరీదనిపిస్తే ‘మె పరేసెన్ కారొస్’ (మెక్సికోలో టికెట్‌ను ‘బొలేతొ’ అంటారు, పుంలింగం). బహువచనం, లింగం రెండూ కదులుతాయి. తెలుగులో ‘టికెట్లు ఖరీదనిపించాయి’ అన్నప్పుడు క్రియ మారుతుంది గానీ ‘ఖరీదు’ మారదు, అందుకే మనం ఆ విశేషణాన్ని మార్చకుండా వదిలేస్తాం.

‘ప్యేన్సొ’ గురించి రెండు మాటలు. ‘యొ’ ప్రతిసారీ అక్కర్లేదు. తెలుగులో ‘నేను అనుకుంటున్నా’ అనకుండా ‘అనుకుంటున్నా’ అంటే సరిపోయినట్టే, స్పానిష్‌లో క్రియ చివరే ఎవరో చెప్పేస్తుంది. ‘యొ’ అంటే ‘నేనైతే’ అని ఛాతీ ముందుకు పెట్టి చెప్పినట్టు. మీ మేనేజర్ మాట్లాడాక వెంటనే ‘యొ ప్యేన్సొ కె’ అంటే ఆయనను కాదన్నట్టు వినపడొచ్చు. రెండోది, ‘అనుకుంటున్నా’లో ఆ ‘తున్నా’ చూసి ‘ఎస్తోయ్ పెన్సాందొ కె’ అనేస్తుంటారు. అది బుర్రలో ఇప్పుడు ఏదో ఆలోచన నడుస్తోంది అన్న అర్థంలోకి పోతుంది. అభిప్రాయానికి మామూలు వర్తమానం చాలు: ‘ప్యేన్సొ కె’, ‘క్రేయొ కె’. రోజువారీ మాటల్లో ‘క్రేయొ కె’ ఎక్కువ వినిపిస్తుంది. ‘ఒపీనొ కె’, ‘కొన్సిదేరొ కె’ కాస్త బరువైనవి. పరీక్షలో వ్యాసానికి బాగుంటాయి, టీ తాగుతూ అంటే కొంచెం సభలో మాట్లాడినట్టుంటుంది.

ఇప్పుడు అసలు గండం: కాదనడం. ‘క్రేయొ కె’ తర్వాత మామూలు క్రియ వస్తుంది. ముందు ‘నొ’ చేరి ‘నొ క్రేయొ కె’ అయితే తర్వాతి క్రియ సబ్జంక్టివ్‌లోకి (అనుమానం, తీర్పు లాంటివి చెప్పేటప్పుడు వాడే క్రియారూపం) మారాలి. మన మామునూరు ఎయిర్‌పోర్టునే తీసుకుందాం. కావాలనేవాళ్లు: ‘క్రేయొ కె వరంగల్ నెసెసీత ఉన్ అయెరొప్వేర్తొ.’ వద్దనేవాళ్లు: ‘నొ క్రేయొ కె వరంగల్ నెసెసీతె ఉన్ అయెరొప్వేర్తొ.’ తేడా చూశారా, ‘నెసెసీత’ కాస్తా ‘నెసెసీతె’ అయింది. అర్ తో ముగిసే క్రియలు ఎ వైపు, ఎర్, ఇర్ తో ముగిసేవి అ వైపు దాటుతాయి. ‘మె పరేసె కె’కు కూడా ఇదే, ‘నొ మె పరేసె కె’ అంటే సబ్జంక్టివే. ‘ఎస్ బెర్దాద్ కె’ (నిజమే) తర్వాత మామూలు క్రియ, ‘నొ ఎస్ బెర్దాద్ కె’ తర్వాత సబ్జంక్టివ్.

తెలుగువాడికి ఇక్కడ ఒక దొంగదారి ఉంది, సహజమైనదే. మనం ‘అవసరమని అనుకోను’ అనడం తక్కువ, ‘అవసరం లేదనుకుంటా’ అనడమే ఎక్కువ. అంటే కాదనే మాట లోపలి వాక్యంలో పెడతాం. స్పానిష్‌లో కూడా అలా పెట్టొచ్చు: ‘క్రేయొ కె నొ నెసెసీత ఉన్ అయెరొప్వేర్తొ.’ బయట ‘నొ’ లేదు, కాబట్టి సబ్జంక్టివ్ గొడవ లేదు, వాక్యమూ తప్పు కాదు. కాల్‌లో టెన్షన్ వచ్చినప్పుడు దీన్ని వాడుకోండి. అయితే ‘నొ క్రేయొ కె’ అన్నదాని కన్నా ఇది కొంచెం గట్టిగా తేల్చి చెప్పినట్టుంటుంది. పైగా బి1లో వర్తమాన సబ్జంక్టివ్ మీకు వచ్చో రాదో చూస్తారు గనక పరీక్షలో ఎప్పుడూ ఇదే దారిన పోతే నష్టం మీకే.

సబ్జంక్టివ్ పట్టిక మొత్తం బట్టీ పట్టి ఆ తర్వాత మాట్లాడదాం అనుకోకండి. ఆఫీసులో మీకు కావలసినవి కొన్నే. వాక్యాలుగానే నోటికి ఎక్కించుకోండి. ‘నొ క్రేయొ కె సేయ బ్వేన ఇదేయ’, అది మంచి ఆలోచన కాదేమో. ‘నొ క్రేయొ కె ఫున్స్యోనె’, అది పనిచేయదేమో. ‘నొ క్రేయొ కె తెంగామొస్ త్యేంపొ’, మనకు టైమ్ ఉండదేమో. ‘నొ క్రేయొ కె పొదామొస్ తెర్మినార్ ఎల్ బ్యేర్నెస్’, శుక్రవారానికి ముగించలేమేమో. ఈ నాలుగూ నిద్రలో లేపి అడిగినా రావాలి. సాఫ్ట్‌వేర్ పనిలో కాదనడాలన్నీ దాదాపు ఈ నాలుగు గుంజల చుట్టూనే తిరుగుతాయి. అనువాదాల్లో నేను ప్రతిచోటా ‘ఏమో’ అని రాశాను చూడండి, అది కావాలనే. మనం ‘ఏమో’తో తెచ్చే ఆ మెత్తదనమే ‘నొ క్రేయొ కె’లో ఉంటుంది.

ఇక్కడే ఇంకో రెండు సంగతులు. ‘ఏమో, బహుశా’ అనడానికి ‘అ లొ మెహోర్’ వాడితే తర్వాత మామూలు క్రియే వస్తుంది, అనుమానం ఉన్నా సరే. ‘కిసాస్’ అయితే రెండు రకాలూ నడుస్తాయి. తేలిక కావాలంటే ‘అ లొ మెహోర్’తో ఉండండి. రెండోది, ప్రశ్నగా ‘నొ క్రేయెస్ కె ఎస్ కారొ?’ అంటే, ‘ఖరీదు కాదంటావా?’ అని. ‘నొ’ ఉంది గదా అని సబ్జంక్టివ్ పెట్టకండి. అడిగేవాడికి అందులో అనుమానం లేదు, అవతలివాడి చేత ఔననిపించుకోవడమే పని.

అభిప్రాయాన్ని చివర్లో తగిలించే తెలుగు అలవాటు పూర్తిగా వదలక్కర్లేదు కూడా. ‘వరంగల్ నెసెసీత ఉన్ అయెరొప్వేర్తొ, క్రేయొ యొ’ అని చివర్లో కామా పెట్టి అనేయొచ్చు, స్పానిష్‌వాళ్లూ అంటారు. ‘మె పరేసె’ను కూడా అలాగే చివర పెట్టొచ్చు. క్రియ మామూలు రూపంలోనే ఉంటుంది. మాట్లాడటానికి బాగుంటుంది, ఈమెయిల్‌లో అంత నప్పదు.

మంచి చెడులు తూచి చెప్పాల్సివచ్చినప్పుడు ఒక్కోసారి ‘మె పరేసె’ కూడా అక్కర్లేదు. ‘లొ బ్వేనొ ఎస్ కె...’, మంచి సంగతేందంటే. ‘లొ మాలొ ఎస్ కె...’, చెడ్డ సంగతేందంటే. రెండింటి తర్వాతా మామూలు క్రియ. తిరగేసి తిప్పి చెప్పడానికి ఇంత సులువైనవి ఇంకోటి లేవు. ‘ఎస్ కె’ ఒక్కటే కూడా వాడొచ్చు. మనం జవాబు మొదట్లో ‘ఏందంటే...’ అని సాగదీస్తామే, అదే. ఎందుకు ఆలస్యమైందని అడిగితే ‘ఎస్ కె...’ అని మొదలుపెట్టండి, మూడు సెకన్లు ఆలోచించుకునే టైమ్ దొరుకుతుంది.

విలువ కట్టే మాటల దగ్గర మాత్రం జాగ్రత్త. ‘మె పరేసె కె’ వేరు, ‘మె పరేసె బ్యేన్ కె’ వేరు. మొదటిదాంట్లో ఏది నిజమనుకుంటున్నారో చెప్తున్నారు. రెండోదాంట్లో, జరిగేదాన్ని బాగుందంటున్నారు, అప్పుడు సబ్జంక్టివ్ వస్తుంది, ‘నొ’ లేకపోయినా. మేడారం జాతర గురించి చెప్పాల్సివచ్చిందనుకోండి: ‘ఎస్ ఇంపొర్తాంతె కె నొ ఉసేమొస్ ప్లాస్తికొ.’ ప్లాస్టిక్ వాడకపోవడం ముఖ్యం. ‘ఉసామొస్’ కాదు, ‘ఉసేమొస్’. ముఖ్యం, అవసరం, మంచిది, సిగ్గుచేటు, ఇలా తీర్పు చెప్పి ‘కె’ పెడితే సబ్జంక్టివే. నిజం, ఖాయం, స్పష్టం అంటే మామూలు క్రియ. ఈ గీత ఒకటి బుర్రలో పడితే పుస్తకంలోని సగం అధ్యాయం అయిపోయినట్టే.

ఇప్పుడు మెక్సికో. ఒప్పుకోవడం, ఒప్పుకోకపోవడం గురించి పుస్తకాల్లో ఉండేది ‘ఎస్తోయ్ దె అక్వేర్దొ’, ‘నొ ఎస్తోయ్ దె అక్వేర్దొ’. ‘సోయ్ దె అక్వేర్దొ’ అనకండి, ‘దె’ కూడా మింగేయకండి. ఆడవాళ్లయినా మగవాళ్లయినా ‘అక్వేర్దొ’ మారదు. ‘నాకు గట్టి నమ్మకం’ అనడానికి మాత్రం ఆడవాళ్లు ‘ఎస్తోయ్ సెగూర’ అనాలి, మగవాళ్లు ‘సెగూరొ’. అయితే ‘నొ ఎస్తోయ్ దె అక్వేర్దొ’ అని మొహం మీద అంటే మెక్సికోవాళ్లకు కాస్త మొరటుగా తగలొచ్చు. మన దగ్గర పెద్దవాళ్ల మాటను నేరుగా ‘కాదు’ అనం, ‘మీరన్నది నిజమే గానీ’ అంటాం గదా, అక్కడా చాలావరకు అదే మర్యాద. ‘సీ, త్యేనె రసోన్, పేరొ...’, ఔనండి, మీరన్నది సరే, కానీ. ‘ప్వేదె సేర్, పేరొ...’, కావొచ్చు గానీ. ‘నొ లొ బేయొ అసీ’, నాకు అట్లా కనబడట్లేదు. ఇవి నేర్చుకోండి. ‘పేరొ’లో ఒకటే ర ఉండాలి. గట్టిగా ‘పేర్రొ’ అన్నారంటే అది కుక్క. వాదన నడుమ కుక్క వస్తే వాదన పోతుంది, నవ్వులే మిగులుతాయి.

చేదు వార్త చెప్పేముందు మెక్సికోలో ‘ఫీహెసె కె...’ అని మొదలుపెడతారు, చనువుంటే ‘ఫీహతె కె’. ‘కాదు’ అనబోతున్నారని అది వినగానే తెలిసిపోవాలి. అలాగే అందరినీ కలిపి ‘మీరేమంటారు?’ అని అడగడానికి ‘కోమొ బేన్?’ అంటారు. మాటకు మాట తీస్తే ‘మీకెలా కనిపిస్తోంది’ అని. అక్కడ మౌనంగా ఉంటే ఒప్పుకున్నట్టే లెక్క కట్టేస్తారు. ఏమీ తోచకపోతే ‘అ బేర్...’ (చూద్దాం) అని ఆగండి, ‘దెపేందె’ (దాన్నిబట్టి ఉంటుంది) అనండి, తర్వాత ఒక కారణం ‘పోర్కె’తో (ఎందుకంటే) చెప్పండి. స్పెయిన్‌వాళ్ల వీడియోల్లో ‘కె బా!’ (అబ్బే, లేదు) తెగ వినిపిస్తుంది. మెక్సికోవాళ్లతో అదే చోట ‘క్లారొ కె నొ’ సరిపోతుంది.

నువ్వు, మీరు సంగతి మనకు ఎవరూ నేర్పక్కర్లేదు. ‘కె తె పరేసె?’ నువ్వు, ‘కె లె పరేసె?’ మీరు. ఒకసారి ‘ఉస్తేద్’తో (మీరు) మొదలుపెడితే మధ్యలో ‘తూ’కు (నువ్వు) జారకండి. మనం వాళ్ల నోట వినే వాటిలో తూనే ఎక్కువ కాబట్టి తెలియకుండానే జారిపోతాం.

ఇక సాధన. దినపత్రికలో వరంగల్ జిల్లా పేజీ తీయండి. ఒక శీర్షిక పట్టుకుని దానికి రెండు పక్షాలా వాదించండి, మీ సొంత అభిప్రాయం ఏదైనా సరే. మామునూరు ఎయిర్‌పోర్టు దీనికి బంగారం లాంటి విషయం, ప్రతి ఇంట్లో ఎవరో ఒకరికి దాని మీద మాట ఉంటుంది. ‘హైదరాబాద్ ఎస్తా సేర్క’, హైదరాబాద్ దగ్గరే గదా అని ఒకరు. ‘ఎస్ బెర్దాద్ కె ఎస్తా సేర్క, పేరొ ఎల్ బ్యాహె ఎస్ లార్గొ’, దగ్గరే గానీ ప్రయాణం పొడుగు అని ఇంకొకరు. ఫోన్‌లో రికార్డు చేసి విని, ‘నొ క్రేయొ కె’ వచ్చిన ప్రతిచోటా క్రియ చివర మారిందో లేదో మాత్రమే చూడండి. మిగతా తప్పులు అప్పుడు పట్టించుకోకండి. ఎనుమాముల మార్కెట్ మిర్చి కూడా మంచి సరుకే, ముఖ్యంగా మీకు. మిరపకాయ పుట్టిల్లు అమెరికా ఖండమే, పోర్చుగీసువాళ్ల ద్వారా మన దగ్గరికొచ్చింది. ‘మె పరేసె కె ఎల్ చీలె దె అకీ పీక మాస్ కె ఎల్ దె మేహికొ’, మీ దేశం మిర్చి కన్నా మా దగ్గరిదే ఘాటు అని ఒక్కసారి కాల్ మొదట్లో అని చూడండి. అరగంట దాకా మీ టీమ్ అభిప్రాయాలు ఆపకుండా చెప్తారు, వాటిలో ఒప్పుకోలు, కాదనడం, ఎగతాళి అన్నీ వినొచ్చు.

డెలె బి1 మౌఖికంలో నాలుగు టాస్కులు, సుమారు పదిహేను నిమిషాలు, అంతకుముందు తయారీకి ఇంకో పదిహేను. మొదటిదాంట్లో ఒక విషయం మీద మీరే మాట్లాడాలి, రెండోదాంట్లో దాని మీదే ఎగ్జామినర్ ప్రశ్నలు వేస్తారు, మూడోది ఫోటో వర్ణన, నాలుగోది ఆ ఫోటోకు సంబంధించిన సన్నివేశంలో సంభాషణ. అభిప్రాయం ఎక్కువగా మొదటి రెండింటిలో పనికొస్తుంది. తయారీ సమయంలో వాక్యాలు రాసుకోకండి, చూసి చదవనివ్వరు. ‘లొ బ్వేనొ’, ‘లొ మాలొ’, ‘నొ క్రేయొ కె’, ‘పొర్ ఎహేంప్లొ’ (ఉదాహరణకు), ఈ నాలుగు కాగితం మీద పెట్టుకుని ఒక్కోదాని పక్కన ఒక్కో మాట రాసుకోండి. ఉదాహరణ మన ఊరిదైతే ఒక వాక్యంలో అదేంటో చెప్పాలి. మేడారం అనగానే ఎగ్జామినర్‌కు తెలియదు: ‘ఎస్ ఉన ఫ్యేస్త కె సె సెలేబ్ర కాద దోస్ ఆన్యొస్’, రెండేళ్లకోసారి జరిగే జాతర. అప్పుడు మీ మాట వినడానికి ఎగ్జామినర్‌కూ ఆసక్తి పుడుతుంది, తర్వాతి ప్రశ్న కూడా మీకు తెలిసిన చోటే వస్తుంది.

‘ఔంకె’ (అయినా సరే), ‘సిన్ ఎంబార్గొ’ (అయినప్పటికీ) లాంటివి రాతపరీక్షకు రెండు మూడు చాలు. ‘కె యొ సేప’ (నాకు తెలిసినంతవరకు) అన్నది మాత్రం ఇప్పుడే నేర్చుకోండి, ఆఫీసులో బాధ్యత మీద వేసుకోకుండా జవాబు చెప్పడానికి దానంత పనికొచ్చే మాట లేదు. గతంలో జరిగినదాని మీద అభిప్రాయం, ‘నొ క్రేఈయ కె’ తర్వాత వచ్చే గతకాలపు సబ్జంక్టివ్, ఇవి బి2, అంటే తర్వాతి స్థాయి సంగతి. ఇప్పుడు వాటి జోలికి పోకండి.